పాత కచేరీ టేపుల కోసం సోనీ డిజిటల్8 హ్యాండీక్యామ్: ఇప్పుడు కొనొచ్చా?

జనంలో నిలబడి ఎవరో తీసిన పాత కచేరీ వీడియో బయటికొస్తే అభిమానులు ముందు పట్టించుకునేది బొమ్మ నాణ్యతను కాదు. డ్రమ్మర్ చెయ్యి పడటమూ దెబ్బ వినబడటమూ ఒక్కసారే జరుగుతున్నాయా లేదా అన్నది చూస్తారు. కెమెరా ఊగినా సర్దుకుంటారు, ముందువాళ్ళ తలలు అడ్డొచ్చినా సర్దుకుంటారు. మూడో పాటకల్లా గాయకుడి పెదాలకూ పాటకూ పొంతన తప్పిందంటే మాత్రం అక్కడితో ఆపేస్తారు. పొంతన కుదిరితే ఇక ప్రశ్నలే ప్రశ్నలు: ఏ ఊరు, ఏ తేదీ, ఆ రాత్రి ఏ గిటార్ వాడాడు, మిగతా టేపు ఉందా, ఇదే షోకి ఇంకెవరిదైనా ఆడియో దొరుకుతుందా.

వీడియో8, హై8 అనే చిన్న 8 ఎంఎం క్యాసెట్లలో ఉండిపోయిన కచేరీలను కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఏం కొనాలని అడిగితే నేను చెప్పేది ఒకటే: సెకండ్‌హ్యాండ్ సోనీ డిజిటల్8 హ్యాండీక్యామ్, దానికి ఫైర్‌వైర్ కేబుల్, అంటే కెమెరాలోని డిజిటల్ వీడియోను కంప్యూటర్‌కు పంపే తీగ. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే యూఎస్‌బీ క్యాప్చర్ పుల్లలు వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే పొంతన సంగతి దగ్గరే మొదలుపెట్టాలి.

చవక పుల్ల బొమ్మను ఒక దారిలో, శబ్దాన్ని ఇంకో దారిలో తీసుకుంటుంది. టేపు మీద గీత పడ్డచోట, రికార్డింగ్ ఆపి మళ్ళీ మొదలుపెట్టినచోట సిగ్నల్ ఒక్క క్షణం చెదురుతుంది. అప్పుడు బొమ్మలో ఫ్రేము పోతుంది గానీ శబ్దం మాత్రం సాగిపోతూనే ఉంటుంది. నిమిషానికి ఒక్క ఫ్రేము పోయిందనుకోండి, పాల్ వీడియోలో, అంటే మన దగ్గరి సెకనుకు 25 ఫ్రేముల పద్ధతిలో, అది 40 మిల్లీసెకన్లు. గంట గడిచేసరికి తేడా 2.4 సెకన్లకు చేరుతుంది. పైగా ఎక్కడెక్కడ పోయిందో తెలియదు కాబట్టి ఒక్కసారి జరిపి సరిచేద్దామంటే కుదరదు, పాటపాటకీ కోసి జరపాల్సిందే.

డిజిటల్8 కెమెరా పద్ధతి వేరు. టేపును చదివి, లోపలే డీవీ అనే డిజిటల్ వీడియోగా మార్చి, ఐ.లింక్ సాకెట్ ద్వారా పంపుతుంది. ఐ.లింక్ అంటే ఫైర్‌వైర్‌కి సోనీ పెట్టుకున్న పేరు. డీవీలో ప్రతి ఫ్రేము తన వంతు శబ్దాన్ని తనలోనే మోసుకొస్తుంది. ఫ్రేము పోతే దాని శబ్దమూ దానితోనే పోతుంది, మిగతాదంతా ఒక వరసలోనే ఉంటుంది. ఈ ఒక్క గుణం కోసమే పాతికేళ్ళ నాటి కెమెరాను ఇవాళ వెతుక్కుని కొనాలి.

సోనీ ఈ డిజిటల్8ను 1999లో తెచ్చింది. హై8 క్యాసెట్ మీదనే సెకనుకు 25 మెగాబిట్ల డీవీ రికార్డు చేసే ఏర్పాటు ఇది. అంతకుముందు 1985 నుంచి వీడియో8, 1989 నుంచి హై8 నడిచాయి, రెండూ అనలాగే. డిజిటల్8 కెమెరాల్లో చాలావాటికి ఆ పాత అనలాగ్ టేపులు ఆడించే శక్తి ఉంది. 'చాలావాటికి' అన్నమాట గుర్తుపెట్టుకోండి. చివర్లో వచ్చిన కొన్ని చవక మోడళ్ళలో ఆ సౌకర్యం తీసేశారు. డీసీఆర్-టీఆర్‌వీ120ఈ, టీఆర్‌వీ480ఈ లాంటివి అనలాగ్ ఆడిస్తాయి. వేరే నంబరు కనబడితే ఆ మోడల్ మాన్యువల్ తెరిచి, హై8, స్టాండర్డ్8 (అంటే వీడియో8) ప్లేబ్యాక్ ఉందో లేదో చదివాకే బేరమాడండి. అమ్మేవాళ్ళు 'అన్నీ ఆడుతాయి సార్' అంటే ఒక పాత అనలాగ్ టేపు పెట్టి ఆడిస్తూ వీడియో పంపమనండి.

మరి నేరుగా ఆ కాలపు హై8 కెమెరానే కొంటే సరిపోదా అని అడగొచ్చు. తొంభైల మొదట్లో వచ్చిన కెమెరాల్లో బోర్డు మీది చిన్న కెపాసిటర్లు ఈపాటికి కారిపోయి ఉంటాయి. బొమ్మ మసకబారడం, శబ్దం సన్నగిల్లడం, ఒక్కోసారి అసలు ఆన్ కాకపోవడం అందువల్లే. వాటన్నిటినీ మార్చే ఓపికున్న మెకానిక్ దొరకడం కష్టం. డిజిటల్8 మోడళ్ళకు ఈ జబ్బు తక్కువ.

కొనేటప్పుడు చూడాల్సినవి చెబుతాను. ముందు అడాప్టర్. 8.4 వోల్టుల అసలు అడాప్టర్ లేకుండా కెమెరా ఒక్కటే కొంటే, దాన్ని వెతకడానికి ఇంకో నెల పడుతుంది. బ్యాటరీ చచ్చిపోయి ఉన్నా పరవాలేదు. తర్వాత క్యాసెట్ తలుపు. ఎజెక్ట్ నొక్కితే బుట్ట పూర్తిగా పైకి లేవాలి, మూసినప్పుడు తనంతట తానే లోపలికి దిగాలి. మధ్యలో ఆగి తెరమీద సీ:31 గానీ సీ:32 గానీ వస్తే అది యాంత్రిక లోపం. కరెంటు తీసి, ఒక నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించొచ్చు. మళ్ళీ అదే వస్తే ఆ కెమెరా వదిలేయండి, మీ టేపు లోపల ఇరుక్కుంటే బయటికి తీయడం పెద్ద తలనొప్పి. సీ:21 వస్తే లోపల తేమ పట్టిందని అర్థం, టేపు తీసి తలుపు తెరిచి గంటకు పైగా ఆరనివ్వాలి. సీ:22 అంటే టేపును చదివే హెడ్లు మురికిగా ఉన్నాయి. ఇది భయపడాల్సింది కాదు, బేరం తగ్గించుకోవడానికి పనికొస్తుంది. ఎల్‌సీడీ తెర పాడై ఉన్నా కొనొచ్చు, మనకు కావలసిన బొమ్మ కంప్యూటర్లో కనబడుతుంది. అయితే కొన్ని మోడళ్ళలో మెనూ అంతా టచ్ తెర మీదే ఉంటుంది, వాటిలో తెర పోతే పని జరగదు.

పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు వీడియో పద్ధతుల సంగతిలో మనవాళ్ళు ఎక్కువగా తడబడతారు. ఇండియాలో, గల్ఫ్‌లో కొన్న కెమెరాలతో తీసినవి సాధారణంగా పాల్. అమెరికాలో ఉన్న బంధువులు తెలుగు సంఘాల వేడుకల్లో ఆర్కెస్ట్రా పాటలు తీసి పంపిన టేపులు ఎన్‌టీఎస్‌సీ. క్యాసెట్ మీద పీ5-90 అని ఉంటే పాల్ దేశాల్లో అమ్మినది, పీ6-120 అని ఉంటే ఎన్‌టీఎస్‌సీ దేశాల్లో అమ్మినది. కానీ అది ఖాళీ క్యాసెట్ ఎక్కడిదో చెబుతుందంతే, లోపల ఏ పద్ధతిలో రికార్డయిందో చెప్పదు. అమెరికా నుంచి తెచ్చిన పీ6-120ను ఇక్కడి పాల్ కెమెరాలో వాడి ఉండొచ్చు. టేపు వేగం వేరు కాబట్టి అందులో 120 నిమిషాలు రావు, దాదాపు 85 వస్తాయి. ఎన్‌టీఎస్‌సీ రికార్డింగుకు ఎన్‌టీఎస్‌సీ కెమెరానే కొనండి. పాల్ కెమెరా మెనూలో 'ఎన్‌టీఎస్‌సీ పీబీ' అని కనబడినా అది టీవీలో చూసుకోవడానికి ఉద్దేశించింది, ఐ.లింక్ మీద దాన్ని నమ్ముకోవద్దు.

కంప్యూటర్ వైపు ఖర్చు చిన్నదే గానీ చిక్కు పెద్దది. కెమెరాలో ఉండేది 4 పిన్నుల సాకెట్. డెస్క్‌టాప్ ఉంటే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ లేదా వీఐఏ చిప్ ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు, దాంతోపాటు 4 పిన్ను నుంచి 6 పిన్ను కేబుల్ తీసుకోండి. కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్‌లోనో అడిగి చూడొచ్చు. విండోస్ 10, 11లో కార్డు పెట్టగానే కెమెరా కనబడకపోతే డివైస్ మేనేజర్లో '1394 ఓహెచ్‌సీఐ లెగసీ' డ్రైవర్ పెట్టాలి. ఫైర్‌వైర్ సాకెట్ ఉన్న పాత విండోస్ 7 ల్యాప్‌టాప్ ఇంట్లో మూలన పడి ఉంటే దాన్ని మించింది లేదు. మ్యాక్ వాళ్ళు థండర్‌బోల్ట్ అడాప్టర్లు ఒకదానికొకటి తగిలించి నడిపించొచ్చు, కానీ మ్యాక్ ఓఎస్ 26లో ఫైర్‌వైర్ తీసేశారు కాబట్టి అంతకుముందు వెర్షన్ కావాలి.

ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర 4 పిన్ను ఫైర్‌వైర్ ఉన్న కేబుల్ ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా కనిపిస్తుంది. దాంతో డీవీ రాదు. తీగలు కలిపినంత మాత్రాన ఒక పద్ధతి ఇంకో పద్ధతిగా మారదు. ఎంత తక్కువ ధరైనా కొనకండి.

కేబుల్ పెట్టేటప్పుడు కెమెరా, కంప్యూటర్ రెండూ ఆపేసి ఉండాలి. 6 పిన్నుల వైపు కరెంటు ఉంటుంది. కంగారులో తిరగేసి దూర్చితే సాకెట్ లోపలి చిప్ పోతుంది, ఆ తర్వాత కెమెరా టేపును చక్కగానే ఆడిస్తుంది గానీ కంప్యూటర్‌కు కనబడదు.

ఇప్పుడు టేపు. కెమెరాలో పెట్టేముందు క్యాసెట్ వెనక ఉన్న చిన్న మీటను ఎర్ర గుర్తు కనబడేలా జరపండి. ఇది రికార్డింగ్ కెమెరా, పొరపాటున ఎర్ర బటన్ తగిలితే ఇంకెక్కడా లేని కచేరీ చెరిగిపోతుంది. కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. అంచు మీద తెల్లని పొడి మచ్చలు ఉంటే బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో బీరువాలో పెట్టిన టేపులకు ఇది మామూలు. అలాంటి టేపును కెమెరాలో పెట్టొద్దు, హెడ్లకు అంటుకుని తర్వాత పెట్టే టేపులను కూడా పాడుచేస్తుంది. బూజు లేని టేపును ముందు చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికి తిప్పితే చుట్ట బిగువు సమానమవుతుంది. హై8 ఎంఈ టేపులను, అంటే లోహపు పూత పలచగా పూసినవాటిని, ఊరికే చూద్దామని ఆడించకండి. ప్రతిసారీ కొద్దిగా రాలుతుంది. మొదటిసారి ఆడించేటప్పుడే క్యాప్చర్ కూడా నడుస్తూ ఉండాలి.

బొమ్మ మీద గడులు గడులుగా గీతలొస్తే హెడ్ శుభ్రం చేయాలి. ముందు పొడి క్లీనింగ్ క్యాసెట్‌తో దాని మీద రాసినన్ని సెకన్లే. అది చాలకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని తోలు పుల్ల. పుల్లను హెడ్లు బిగించి ఉన్న గుండ్రని డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకుని, డ్రమ్మును వేలితో నెమ్మదిగా తిప్పాలి. పుల్లను పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరిగిపోతుంది, విరిగితే కెమెరా ఇక అంతే. దూది పుల్ల అసలు వాడొద్దు, పోగులు చిక్కుకుంటాయి.

కెమెరా పవర్ స్విచ్‌ను 'వీసీఆర్' లేదా 'ప్లేయర్' దగ్గర పెట్టి మెనూలో మూడు చోట్లకు వెళ్ళండి. 'టీబీసీ' ఆన్. బొమ్మ అంచులు వణక్కుండా నిలబెట్టేది ఇదే, చవక పుల్లతో ఇది రాదు. వేరే టేపు నుంచి కాపీ చేసిన రెండో తరం టేపు అయితే మాత్రం ఒకసారి ఆఫ్ చేసి పోల్చి చూడండి, కాపీ మీద కాపీకి అది ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. 'డీఎన్‌ఆర్' నా ఓటు ఆఫ్‌కే. రంగు మరకలు తగ్గించడానికి పెట్టిన ఫిల్టర్ అది. చీకటి స్టేజీ మీద ఎర్ర లైటు చప్పున ఆరినప్పుడు ఆ ఎరుపు గిటారిస్టు వెనకాల తోకలా ఈడ్చుకొస్తుంది. ఆ పని తర్వాత కంప్యూటర్లో చేసుకోవచ్చు, ఇక్కడ చేస్తే వెనక్కి తీసుకోలేం. మూడోది 'హైఫై సౌండ్', స్టీరియో మీద ఉంచండి.

క్యాప్చర్‌కు విండోస్‌లో విన్‌డీవీ అనే ప్రోగ్రాం చాలు, ఉచితం. టైప్-2 ఏవీఐ ఎంచుకుని, డిస్కంటిన్యూటీ థ్రెషోల్డ్ దగ్గర 0 పెట్టండి, లేకపోతే తేదీ మారినప్పుడల్లా ఫైలును ముక్కలు చేస్తుంది. లైనక్స్‌లో డీవీగ్రాబ్. గంటకు 13 జీబీ దాకా పడుతుంది, బ్యాకప్‌తో కలిపి రెట్టింపు లెక్కేసుకోండి. 'డ్రాప్డ్ ఫ్రేమ్స్' అంకె మీద కన్నుండాలి. అది పెరుగుతుంటే తప్పు టేపుది కాదు, కంప్యూటర్‌ది: నిండిపోయిన డిస్కు, వెనకాల నడిచే యాంటీవైరస్, నిద్రపోయే పవర్ సెట్టింగ్. టేపు లోపమైతే అంకె పెరగదు, బొమ్మలోనే గీతలు కనబడతాయి.

ఆ టేపు అసలు డిజిటల్8లోనే తీసినదైతే ఇంకో లాభం. రికార్డు చేసిన తేదీ, సమయం ఫ్రేముల్లోనే దాగి ఉంటాయి, ఫైల్లోకి అలాగే వస్తాయి. కెమెరా గడియారం సరిగ్గా పెట్టి ఉంటే, 'ఇది ఏ రాత్రి షో' అన్న వాదన అక్కడితో తీరిపోతుంది. ఇలాంటి టేపును గుర్తుపట్టడం తేలిక: 90 నిమిషాల పాల్ క్యాసెట్‌లో డిజిటల్8 అయితే 60 నిమిషాలే పడుతుంది.

క్యాప్చర్ అయిన ఫైలును నేరుగా యూట్యూబ్‌కు ఎక్కించేవాళ్ళ వల్లే మంచి టేపులకు చెడ్డపేరు వస్తోంది. పాల్ డీవీ 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు (గీత విడిచి గీతగా తీసిన సగం బొమ్మలు), అంటే కదలికలు 50. మామూలు ఎడిటర్ వాటిని కలిపేసి 25 చేస్తుంది, సగం కదలిక పోతుంది. హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) మీద ఆడే కర్ర దగ్గర ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 25లో అది మసక మచ్చ, 50లో కర్ర పైకి లేచి మళ్ళీ దిగడం విడివిడిగా కనబడుతుంది. అందుకే క్యూటీజీఎంసీ అనే ఫిల్టర్‌తో, అంత తీరిక లేకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రాంలోని బీడబ్ల్యూడీఐఎఫ్ ఫిల్టర్‌తో 50 ఫ్రేములుగా విప్పండి. డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది. ఇది తారుమారు చేస్తే కదలికలన్నీ వెనక్కీ ముందుకీ తుళ్ళుతుంటాయి. యూట్యూబ్ 50 ఫ్రేములను 720పీ, అంతకు పైన మాత్రమే ఇస్తుంది. కాబట్టి 1440×1080కి పెంచి ఎక్కించండి, నిష్పత్తి 4:3 గానే ఉంచండి. 16:9కి సాగదీసి అందరినీ లావు చేసిన వీడియోలు ఇప్పటికే చాలానే ఉన్నాయి.

ఇక శబ్దం. కెమెరా మైకు కచేరీ కోసం చేసింది కాదు. దాని ఆటోమేటిక్ గెయిన్ గట్టి దెబ్బ పడ్డప్పుడల్లా మొత్తం స్థాయిని నొక్కేసి, ఆనక మెల్లగా పైకి లేపుతుంది. ఈక్వలైజర్‌తో కొంత నయం చేయొచ్చు, పూర్తిగా పోదు. అందుకే బొమ్మ ఒకరి టేపు నుంచి, శబ్దం అదే రాత్రి ఇంకొకరు పట్టిన ఆడియో నుంచి తీసుకుని కలపడం అభిమానుల్లో పాత అలవాటు. వీడియో టేపులు రాకముందు వాడిన 50 అడుగుల సూపర్8 ఫిల్మ్ రీలు సెకనుకు 18 ఫ్రేముల మీద 3 నిమిషాల 20 సెకన్లే వచ్చేది, అదీ చాలావరకు మూగది. ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ 1977 జూన్ 21న లాస్ ఏంజెలెస్ ఫోరమ్‌లో వాయించినప్పుడు మైక్ మిలార్డ్ అనే అభిమాని జనంలో కూర్చుని నాకమిచి 550 రికార్డర్ మీద పట్టిన టేపు ఇవాళ్టికీ అభిమానులకు కొలబద్ద. అమెరికా రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ అయితే 1984 అక్టోబరు నుంచి రికార్డు చేసుకునేవాళ్ళకు హాల్లో విడిగా చోటే ఇచ్చింది.

కలిపే పని ఇలా చేయాలి. వీడియోలో ఎడతెగకుండా సాగిన భాగం ఒకటి తీసుకోండి. అందులో మొదట్లో ఒక స్నేర్ (డ్రమ్స్‌లో చురుగ్గా మోగే డ్రమ్ము) దెబ్బ, చివర్లో ఒక స్నేర్ దెబ్బ గుర్తుపెట్టండి. వాటి మధ్య వీడియోలో 1812.0 సెకన్లు, క్యాసెట్ ఆడియోలో 1803.5 సెకన్లు వచ్చాయనుకుందాం. నిష్పత్తి 1.0047. ఆడియోను ఆ మేరకు నెమ్మదింపజేయాలి. శ్రుతి మారకుండా సాగదీసే పరికరం వాడకండి, వేగం మార్చేది వాడండి. తప్పు క్యాసెట్ మోటారు వేగానిది కాబట్టి వేగం సరిచేస్తే శ్రుతి కూడా తన చోటికి వస్తుంది. ఒక శాతం వేగం తేడాకే శ్రుతి 17 సెంట్లు, అంటే అరస్వరంలో దాదాపు ఆరోవంతు, జరుగుతుంది, చెవి ఉన్నవాళ్ళు వెంటనే పట్టేస్తారు. కెమెరాలో రికార్డింగ్ ఆగి మొదలైన ప్రతిచోటా కొత్తగా జత కుదర్చాలి.

ఇంకో మెలిక. ఆడియోను కెమెరా సొంత శబ్దానికి కచ్చితంగా అతికించినా కర్ర ముందు పడి దెబ్బ తర్వాత వినిపిస్తుంది. కెమెరా స్టేజీకి 50 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం అక్కడికి చేరడానికి 0.146 సెకన్లు పడుతుంది, 25 ఫ్రేముల లెక్కలో దాదాపు నాలుగు ఫ్రేములు. జూమ్‌లో డ్రమ్మర్ దగ్గరగా కనబడితే ఇది కంటికి ఇంకా కొడుతుంది. అన్నీ అతికాక మొత్తం ఆడియోను మూడు నాలుగు ఫ్రేములు ముందుకు లాగి, కర్ర స్నేర్‌ను తాకే ఫ్రేము మీదే దెబ్బ పడేలా పెట్టండి. మెచ్చుకోలు వచ్చేది ఈ చివరి సర్దుబాటుకే.

ఈ కెమెరాకు లోపాలు లేకపోలేదు. పాల్ డీవీలో రంగు సమాచారం నాలుగోవంతే మిగులుతుంది. స్టేజీ అంతా ఎర్ర లైటో నీలం లైటో నింపినప్పుడు మనుషుల అంచులు మెట్లుమెట్లుగా కనబడతాయి. ట్రాకింగ్ చేత్తో సరిచేసే మీట లేదు, 8 ఎంఎంలో అది తనంతట తానే జరుగుతుంది. తీసిన కెమెరా అమరిక తేడాగా ఉంటే, ముఖ్యంగా ఎల్‌పీలో (టేపు నెమ్మదిగా నడిచే పద్ధతిలో) తీసి ఉంటే, ఒక కెమెరాలో గీతలు పడేది ఇంకో కెమెరాలో శుభ్రంగా రావచ్చు. అరుదైన టేపు విషయంలో రెండో కెమెరాలో కూడా పరీక్షించాకే 'ఇంతే' అనుకోండి. ఎస్-వీడియో కేబుల్, విడిగా కొన్న టీబీసీ, ఏమీ పోగొట్టని (లాస్‌లెస్) క్యాప్చర్ దారిలోనో, హెడ్ దగ్గరి సిగ్నల్‌నే పట్టే వీహెచ్‌ఎస్-డీకోడ్ దారిలోనో ఇంకాస్త మెరుగైన బొమ్మ వస్తుంది. వాటికి డబ్బు, ఓపిక, చదువు చాలా కావాలి. ఇంట్లో రెండు మూడు టేపులున్నవాళ్ళకు అంత అక్కర్లేదు.

వీహెచ్‌ఎస్ టేపుల కోసం దీన్ని కొనాలనుకుంటే ఒక్కటి అడిగి తెలుసుకోండి. వీసీఆర్ నుంచి ఏవీ కేబుల్ ద్వారా సిగ్నల్ లోపలికి తీసుకుని డీవీగా పంపే సౌకర్యం కొన్ని మోడళ్ళలో ఉంది. యూరప్ కోసం చేసిన 'ఈ' మోడళ్ళలో చాలావాటికి ఆ ఇన్‌పుట్ మూసేసి ఉంటుంది. మినీడీవీ టేపులకైతే ఇది అసలు పనికిరాదు, క్యాసెట్ సైజే వేరు, వాటికి మినీడీవీ కెమెరానే వెతకాలి. కార్డు, కేబుల్, విన్‌డీవీ మాత్రం రెండింటికీ ఒకటే.